అన్నకు పట్టీ, తమ్ముడికి పట్టం

శరభగిరి రాజ్యానికి ఉత్తరపు పొలిమేరలో, ఒక కొండ భుజం మీద మరో కొండ గడ్డం ఆనించి నిలబడినచోట, చూపులమ్మ ధార దూకుతుంది. పాలు పోసినట్టు కాదు, పోసిన పాలను ఎవరో మళ్ళీ చిలికినట్టు నురగలు కక్కుతూ దూకుతుంది. సూర్యుడు ఆ తుంపరలో ముఖం కడుక్కుని ఇంద్రధనుస్సుతో తుడుచుకుంటాడని కొండజనం మాట. జ్యేష్ఠ పౌర్ణమి ఉదయాన ఆ ధార కింద తల పెడితే పోయిన చూపు తిరిగి వస్తుందని ప్రతీతి. తల పెట్టినవాళ్ళలో చాలామందికి చూపు రాలేదు, జలుబు వచ్చింది. అయినా జనం మానలేదు. ఎందరు ఎన్ని తుమ్ములు తుమ్మినా ఆ నమ్మకానికి అపశకునం కాలేదు.

ఆ పౌర్ణమి ఉదయాన ముగ్గురు ఆ దారిన ఎక్కుతున్నారు. ముందు ఒక పడుచుపిల్ల. ఆమె ఎడమ భుజం మీద చెయ్యి వేసి, కళ్ళకు నల్లగుడ్డ కట్టుకున్న యువకుడు. వెనక ఆరడుగుల ముసలమ్మ. ఆ ముసలమ్మ ముసుగులోనుంచి అప్పుడప్పుడు మీసం తొంగిచూస్తోంది.

"నాయనా, ముసుగు సర్దుకో," అంది పిల్ల.

"సర్దుతూనే ఉన్నానే చెంగల్వా. మీసం మాట వినడంలేదు."

"గొరిగించుకోమని నిన్ననే చెప్పాను."

"తల అడుగు, ఇస్తాను. మీసం మాత్రం అడక్కు."

"తలారివాడికి తలలకేం కరువు మామా," అన్నాడు యువకుడు. "ఎవరిదైనా ఇస్తావు."

ఆ యువకుడు విశాలవర్మ. శరభగిరిని ఏలిన మేరుభద్ర మహారాజుకు పెద్ద కొడుకు. పెద్ద కళ్ళతో పుట్టాడని తండ్రే ఆ పేరు పెట్టాడు. పెద్దయ్యాక ఆ కళ్ళే తీయించమన్నాడు. పేరు పెట్టినవాడే పొగ పెట్టడం రాజవంశాల్లో కొత్త కాదు గానీ, ఈ పొగ రాజుది కాదు, కాలధూముడిది. మంత్రిగా చేరి మాంత్రికుడుగా తేలిన ఘనుడు కాలధూముడు. "పెద్దవాడు మిమ్మల్ని చంపి గద్దె ఎక్కాలని చూస్తున్నాడు ప్రభూ," అని రాజు చెవిలో ఊదాడు.

"చూస్తున్నాడా? అయితే చూపు తీసెయ్యండి," అన్నాడు రాజు.

చూపులేనివాడు సింహాసనం ఎక్కరాదన్నది శరభగిరి ఆచారం. అలా ఒక్క మాటతో అన్న కళ్ళకు పట్టీ, సవతితమ్ముడు కాంతివర్మ తలకు పట్టం ఖాయమైపోయాయి.

కానీ కాల్చిన కడ్డీ పట్టుకున్నవాడు తలారి పోలప్ప. విశాలవర్మను పసితనంలో మెడ మీద ఎక్కించుకుని కోటగోడల మీద తిప్పినవాడు. కడ్డీ కనురెప్పల దాకా వెళ్ళి ఆగిపోయింది. పక్కన దాచిన మేకమాంసం మీద దిగింది. బయట కాచుకున్నవాళ్ళకు వాసన వచ్చింది. రాకుమారుడు వాసనకు తగ్గ కేక వేశాడు. పోలప్ప నల్లగుడ్డ కట్టి, చెవిలో ఒక్క మాట చెప్పాడు. "ఈ గుడ్డ మీరు విప్పిన రోజున నా కళ్ళు పోతాయి దొరా."

అది బెదిరింపు కాదు, శాసనం. రాజు వేసిన శిక్షను సగంలో ఆపినవాడికి అదే శిక్ష. ఆ శాసనాన్ని కొట్టివేసే హక్కు గద్దె మీద కూర్చున్నవాడికి తప్ప మరొకరికి లేదు.

గుడ్డి రాకుమారుణ్ణి ఎల్లలకవతల రాళ్ళసీమకు వెళ్ళగొట్టి, కావలిగా పోలప్పనే పంపారు. పోలప్ప తల్లిలేని కూతురు చెంగల్వను వెంట తెచ్చుకున్నాడు. ఆ కూతురికి కూడా నిజం చెప్పలేదు. రహస్యం నోరు దాటితే ఊరు దాటుతుందని తలారికి తెలియదా? ఎందరి చేత కక్కించినవాడు!

కాబట్టి చెంగల్వ నిజంగానే గుడ్డివాడని నమ్మి రాకుమారుడికి దారి చూపింది. చూపింది అంటే, చెప్పింది. గుక్కెడు నీళ్ళకు కోసెడు నడవాల్సిన ఆ బండనేల మీద నిలబడి, "దొరా, కనుచూపుమేర మొగలిపూలు, ఆ వాగు ఎంత నిండుగా పారుతోందో," అని చెప్పేది. చిల్లుపడ్డ మట్టిమూకుడులో అంబలి పోసి, "ఇవ్వాళ వెండిగిన్నె దొరా, పట్టుకునేటప్పుడు జాగ్రత్త, జారుతుంది," అనేది. నల్లగుడ్డ నేతలోనుంచి మసకమసకగా అంతా చూస్తున్న విశాలవర్మ, ఆ మూకుడును వెండిగిన్నెలాగే రెండు చేతులతో అందుకునేవాడు. ఆమె నీళ్ళరేవుకు దిగినప్పుడు ముఖం కొండవైపు తిప్పుకుని కూర్చునేవాడు. పాపం, కొండగాలి ఇష్టం కాబోలు అనుకునేది చెంగల్వ.

ఒకనాడు అడిగాడు. "అన్నీ చెబుతావు. నువ్వెలా ఉంటావో చెప్పవేం?"

చెంగల్వ చిన్నప్పుడు దీపం మీద పడి, ఎడమ చెంప చెవిదాకా కాలిపోయిన పిల్ల. కాసేపు పుల్లతో నేల గీకింది. "ఎలా ఉంటానా? తామరరేకుల కళ్ళు. నిమ్మపండు ఛాయ. గడ్డం మీద నువ్వుగింజంత పుట్టుమచ్చ. చూసినవాళ్ళు చూపు తిప్పుకోలేరు దొరా," అంది తల వంచుకుని.

"అలాగే అనుకున్నాను," అన్నాడు విశాలవర్మ, చూపు తిప్పుకోకుండా.

ఇలా కాలం మెల్లగా నడుస్తుండగా మహారాజు పోయాడు, కాంతివర్మను గద్దె మీద కూర్చోబెట్టారు. సరిగ్గా అప్పుడే కాలధూముడి వేగు ఒకడు, గుడ్డి రాకుమారుడు మీదికొచ్చిన కందిరీగను విసనకర్రతో కొట్టడం చూశాడు. గుడ్డిదెబ్బ అనుకుందామంటే వెనకనే వచ్చిన రెండో కందిరీగను కూడా కొట్టాడు. పోలప్పను పట్టి తెమ్మని ఆజ్ఞ వెలువడింది. రాకుమారుడికి ఇక ఒకటే దారి మిగిలింది. చూపులమ్మ దయవల్ల చూపు వచ్చిందని లోకాన్ని నమ్మించాలి, పెద్దకొడుకుగా గద్దె అడగాలి, ఆ శాసనాన్ని కొట్టివెయ్యాలి. కిరీటం కోసం కాదు, మామ కళ్ళ కోసం.

"దొరా, మెట్టు," అంది చెంగల్వ. "దొరా, కొమ్మ. దొరా..."

ఆమె మూడో మాట చెప్పేలోపల విశాలవర్మ కాలు తడబడి ఆమెను కూడా లాక్కుని బోర్లాపడ్డాడు. వాళ్ళ తలల మీదుగా, ఇంతకుముందు చెంగల్వ మెడ ఉన్న ఎత్తులో, కొడవళ్ళలాంటి గోళ్ళు గాలిని కోసుకుంటూ పోయాయి. గండభేరుండం! కాలధూముడు కొండకు కాపలా పెట్టిన రెండుతలల పక్షి.

"రాయి తగిలింది చెంగల్వా."

"అక్కడ రాయి లేదు దొరా."

"అదే. ఉందనుకుని కాలు వేశాను, లేకపోవడం తగిలింది."

పక్షి మలుపు తిరిగి మళ్ళీ వచ్చింది. రెక్కల గాలికి గులకరాళ్ళు లేచాయి. పోలప్ప చీర కొంగు లాగాడు, మొత్తం చీరే లాగాడు, సుడి తిప్పి ఒక తల మీద విసిరాడు. ముసుగు పడిన తల, పొద్దు కుంకింది గూటికి పోదామని కిందికి లాగింది. రెండో తల, ఇంకా పొద్దుంది వేటకు పోదామని పైకి లాగింది. ఒక పొట్టకు రెండు తలలుంటే అంతే, ఒక గద్దెకు ఇద్దరు రాజులున్నట్టే. తనతో తనే పొడుచుకుంటూ ఆ పక్షి లోయలోకి గిరికీలు కొట్టుకుంటూ పడిపోయింది.

ప్రాణాలు దక్కాయి, వేషం పోయింది. ఆరడుగుల మనిషి గోచీతో, మీసంతో, మిట్టమీద నిలబడ్డాడు.

"మోసం పోయి మీసం మిగిలింది," అన్నాడు విశాలవర్మ.

"మీకెలా తెలిసింది దొరా?" అంది చెంగల్వ.

"చీర చిరిగిన చప్పుడు వినిపించింది." అబద్ధం ఆడడంలో అతనికీ చాలా అభ్యాసమే అయింది.

ధార దగ్గర యాత్రికులు మూగి ఉన్నారు. విశాలవర్మ జనం చూస్తుండగా నీళ్ళ కిందికి నడిచి, తల పెట్టి, నల్లగుడ్డ విప్పాడు. ఆ గుడ్డను ధార లాక్కుపోయింది. "కనిపిస్తోంది," అన్నాడు. గట్టిగా అనలేదు. కొన్నేళ్ళుగా మసక తప్ప ఎరగని కళ్ళలోకి వెలుగు ఒక్కపెట్టున దూకితే, నటించాల్సిన కన్నీళ్ళు నటించకుండానే వచ్చాయి.

జనం చూపులమ్మకు జేజేలు కొట్టారు. చెంగల్వ కొట్టలేదు. ఆమె ఒక్క అడుగు ముందుకు వేసి, ఠక్కున ఆగి, చెంప మీద చెయ్యి పెట్టుకుని, వెనుదిరిగి బండ చాటుకు పరుగెత్తింది. దొరకు చూపు రావాలని రోజూ మొక్కుకున్న పిల్ల, వస్తే తనను కూడా చూస్తాడన్న సంగతి ఆలోచించుకోలేదు. బండకు అటువైపు ఆమె, ఇటువైపు అతను. "చెంగల్వా," అని పిలిచేలోపల, మిట్టమీద మీసాన్ని గుర్తుపట్టిన రాజభటులు ముగ్గురినీ చుట్టుముట్టారు. ఆమె కొంగుతో ముఖం కప్పుకునే కోట దాకా నడిచింది. అతను కప్పుకున్న ముఖం వైపు తిరగకుండా నడిచాడు. చూడకూడని కళ్ళతో బతికిన మనిషికి, ఇప్పుడు చూడగలిగిన కళ్ళతో చూడకుండా నడవడం మరీ కష్టమైంది.

శరభగిరి సభామంటపం ఇంద్రుడు చూస్తే ఇల్లు అద్దెకిస్తారా అని అడిగేటట్టు ఉంటుంది. స్తంభానికొక శరభం, శరభం నోట మణిదీపం. నడుమ, కెంపులు పొదిగిన గద్దె మీద కాంతివర్మ. మీసం ఇంకా మొలవని ముఖం. తండ్రి తల కొలతకు చేసిన కిరీటం కనుబొమల కిందికి జారుతుంటే నిమిషానికొకసారి పైకి తోసుకుంటున్నాడు. అన్న కళ్ళకు కడ్డీ అడ్డం వచ్చింది, తమ్ముడి కళ్ళకు కిరీటమే అడ్డం వస్తోంది.

అన్నను చూడగానే కాంతివర్మ లేవబోయాడు. వెనకనుంచి కాలధూముడి చెయ్యి భుజం మీద పడింది. కూర్చున్నాడు.

"అన్నయ్యా," అన్నాడు. "నేను కనిపిస్తున్నానా?"

"కిరీటం కనిపిస్తోంది నాన్నా. దాని కింద ఎవరో ఉన్నారు."

కాంతివర్మ నవ్వబోయి ఆపుకున్నాడు. కాలధూముడు ముందుకు వచ్చాడు. మనిషి చుట్టూ పొగ, మాట చుట్టూ తేనె. "సంతోషం రాకుమారా. చూపులమ్మ ఈ పొద్దున చూపు ఇచ్చింది. పొద్దున్నే వచ్చిన చూపు కనుక, ఇన్నాళ్ళు నీకు దారి చూపిన ఈ తలారి కూతుర్ని నువ్వు ఎన్నడూ చూసి ఉండవు. అంతేగా?"

"అంతే."

"అయితే ఒక చిన్న పరీక్ష." భస్మం చల్లాడు. ఎగసిన పొగ మాటున చెంగల్వ కొంగు జారింది. చెయ్యి చెంపదాకా లేచి అక్కడే ఆగి, మెల్లగా కిందికి వాలింది. ఆమె ఇక కదలలేదు, పలకలేదు. పొగ విడేసరికి ఆమె నిలబడిన చోటేదో కూడా తెలియకుండా, నేలలోనుంచి లేచినట్టు ఒక ఆడవాళ్ళ వరుస లేచింది. అన్నీ అదే ఎత్తు, అదే చీర, ముఖాలు మాత్రం వేరు. మైనపు బొమ్మలు. మైనమైనా ఊపిరి తీస్తున్నాయి, మౌనంగా రెప్పలు వేస్తున్నాయి. నడిమిదానికి తామరరేకుల కళ్ళు, నిమ్మపండు ఛాయ, గడ్డం మీద నువ్వుగింజంత పుట్టుమచ్చ. వేగుకు కందిరీగలే కాదు, కబుర్లు కూడా దొరికాయన్నమాట.

మంటపం మధ్య కొలిమి రాజేశారు. "వేలుపెట్టి చూపించు," అన్నాడు కాలధూముడు. "చూపినదాన్ని తీసుకుపో. మిగిలినవి ఈ కొలిమిలో కరుగుతాయి."

విశాలవర్మకు అర్థమైంది. చూడగానే చెంగల్వను చూపిస్తే, ఇన్నేళ్ళూ చూస్తూనే ఉన్నాడని రుజువు. మామ కళ్ళు పోతాయి. ఆమె చెప్పిన అందగత్తెను చూపిస్తే మామ బతుకుతాడు. చెంగల్వ కొలిమికి పోతుంది. అంతకుముందే, కదలని ఆ కళ్ళతో, తనను కాదని మైనాన్ని ఎంచుకోవడం చూస్తుంది.

భటుల చేతుల్లో ఉన్న పోలప్ప గొంతు సవరించుకున్నాడు. "పిల్లను చూపించండి దొరా. ముసలాడి సంగతి ముసలాడు చూసుకుంటాడు."

"దేనితో చూసుకుంటాడో," అన్నాడు కాలధూముడు.

విశాలవర్మ వరుసనంతా చూశాడు, ఏ ముఖం దగ్గరా ఆగకుండా. తరువాత గద్దెవైపు తిరిగాడు.

"మహారాజా, ఒక మనవి. ఇవి పొద్దున పుట్టిన కళ్ళు. అప్పుడే పుట్టిన పిల్లలు ఎవరిని గుర్తుపడతారు? నాకు దారి చూపిన మనిషిని నా చెయ్యి ఎరుగుతుంది. కళ్ళు మూసుకుని వెతకనివ్వండి."

"కుదరదు," అన్నాడు కాలధూముడు.

కాంతివర్మ కిరీటం పైకి తోసుకున్నాడు. "గురువుగారూ, మహారాజా అన్నది నన్నేగా?"

"మిమ్మల్నే."

"అయితే కుదురుతుంది."

అది అతని మొదటి ఆజ్ఞ. కాలధూముడు పళ్ళు కొరికి, తన నల్లపట్టు ఉత్తరీయాన్ని మడత మీద మడత వేసి, స్వయంగా విశాలవర్మ కళ్ళకు బిగించి కట్టాడు. అందులోనుంచి మసక కూడా కనబడదు. ఇన్నాళ్ళు గుడ్డివాడుగా నటించిన విశాలవర్మ, మొదటిసారి నిజంగా గుడ్డివాడయ్యాడు.

అప్పుడు భయం వేసింది. తన చెయ్యి ఆమె భుజం మీద ఉన్నదే గానీ, దారి చూసుకున్నది తన కళ్ళేగా? ఆ చెయ్యి ఏమైనా నేర్చుకుందా, లేక అదీ నటించిందా?

మొదటి భుజం మీద చెయ్యి వేశాడు. వెచ్చగా ఉంది. మైనానికి వెచ్చదనం కూడా పోశాడు మహానుభావుడు. రెండోదీ వెచ్చనే. చెయ్యి ఏమీ చెప్పలేదు. తరువాతి దాని దగ్గర సభలో ఎవరో ఊపిరి బిగబట్టారు. ఇదే ఆ పుట్టుమచ్చ సుందరి అనుకున్నాడు. భుజం నున్నగా, సమంగా, కొలిచి పోసినట్టు ఉంది. చెయ్యి జారిపోయింది. పక్కదాని మీద వేశాడు.

చెయ్యి ఆగింది.

ఆ భుజం అతను అనుకున్నచోట లేదు, ఒక వేలెడు కిందికి ఉంది. అతని అరచెయ్యి అక్కడ దిగి, తన గూటిలో తను కూర్చున్నట్టు కూర్చుంది. రెండో భుజం తడిమాడు. అది ఎత్తుగానే ఉంది. బొమ్మలు చేసేవాడు రెండు భుజాలూ సమంగా చేస్తాడు. ఎండలో వానలో రాళ్ళమీద, ఒక మనిషి బరువును ఏళ్ళ తరబడి ఒకే భుజాన మోసిన పిల్లకు, ఆ భుజం అలాగే ఒరిగిపోతుంది. ఆ బరువు తనది. ఒక్కనాడు కూడా అవసరంలేని బరువు. ఎప్పుడూ కళ్ళతో చూసిన ముఖాన్నే గానీ, తాను కుంగదీసిన ఈ భుజాన్ని అతను చూడలేదు.

విశాలవర్మ ఆ భుజం మీదినుంచి చెయ్యి తియ్యలేదు. "ఈమె."

భస్మం రాలిపోయింది. చెంగల్వ ఒళ్ళు కదిలింది. మొదట చేసిన పని చెంప కప్పుకోవడం. అతను పట్టుగుడ్డ విప్పాడు. మొదటిసారి చూస్తున్నట్టు ఎలా నటించాలా అనుకున్నాడు గానీ, ఆ కష్టం లేకపోయింది. నల్లగుడ్డ మాటునుంచి ఇన్నేళ్ళూ చూసింది నీడనే. ఆమె కళ్ళు తేనెరంగని అతనికి ఇప్పుడే తెలిసింది.

"అబద్ధం చెప్పాను దొరా," అంది నేల చూస్తూ.

"ఏ అబద్ధం?"

"నా ముఖం సంగతి. మచ్చ ఉంది."

"మచ్చపడ్డ మామిడిపండు చెట్టున పండిందని నమ్మకం. ఆ నున్నటి పండ్లు మగ్గబెట్టినవి," అని మైనపు వరుసవైపు తల ఊపాడు. చెంగల్వ చెయ్యి దించలేదు. కానీ వేళ్ళ సందులోనుంచి ఒక కన్ను అతనివైపు చూసింది.

సభ హర్షధ్వానాలు చేసింది. కాలధూముడు చెయ్యెత్తాడు. "తెలివి నిరూపించాడు, నిజం కాదు. నిజం కడ్డీకి తెలుసు. పోలప్ప కళ్ళముందు పెడితే పోలప్పే చెబుతాడు." కొలిమిలోనుంచి ఎర్రటి కడ్డీ లేచి, గాలిలో తేలుతూ తలారి ముఖం వైపు కదిలింది. పోలప్ప కళ్ళు మూసుకోలేదు. కూతురివైపు తిప్పాడు, వీలైనంతసేపు చూసుకుందామని.

"ఆపండి," అన్నాడు కాంతివర్మ.

కిరీటం తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. మొదటిసారి అతని కళ్ళు రెండూ సభకు కనిపించాయి. "ఈ గద్దె అన్నయ్యదో నాదో తరువాత తేల్చుకుంటాం. ప్రస్తుతం దీని మీద నేనున్నాను. ఉండగా ఒక్క మాట. శిక్ష ఆపినవాడికి శిక్ష వేసే శాసనం కొట్టివేశాను. శరభగిరిలో ఇక ఎవరి కళ్ళూ ఎవరూ తియ్యరు."

కడ్డీ ఠంగుమని నేలపడింది. రాజాజ్ఞ లేని ఇనుము ఉత్త ఇనుమే.

పోలప్ప మీసం వణికింది. "చినదొరా," అన్నాడు.

"నేను చేసిన రాజువి," అన్నాడు కాలధూముడు నెమ్మదిగా. "నేను చేసిన బొమ్మ నా మాట వినకపోతే ఏం చేస్తానో ఇందాకే చెప్పాను." కొలిమిలో భస్మం పోశాడు. మంట నీలంగా లేచింది. మైనపు బొమ్మలన్నీ ఒక్కసారి కరిగి, పాకి, కలిసి, రెక్కలు విప్పి, ఒక పెద్ద నల్లగద్దగా లేచాయి. కాలధూముడు దాని మెడ ఎక్కాడు. గద్ద గోళ్ళు కాంతివర్మను గద్దె మీదినుంచి ఎత్తుకున్నాయి. మంటపపు కప్పు పగిలింది. "అన్నయ్యా" అన్న కేక ఆకాశంలో చిన్నదైపోయింది.

విశాలవర్మ అప్పటికే మెట్లు దిగి పరుగెత్తుతున్నాడు. ముంగిట రాజాశ్వం కట్లు తెంపుకుంటోంది. దాని కళ్ళెం చెంగల్వ చేతిలో ఉంది.

"అది మైనం దొరా. ఎండలో ఎక్కువసేపు ఎగరలేదు," అంది. "మంచుకోనవైపు తిరిగింది. అక్కడికి చేరితే ఇక కరగదు."

"నువ్వు ఇక్కడ..."

"దారి ఎవరు చెబుతారు?" అని ఆమె ముందే ఎక్కి కూర్చుంది.

వృద్ధమంత్రి సుబంధుడు ఆయాసపడుతూ, రెండు చేతులతో కిరీటం మోసుకుంటూ వచ్చాడు. "మహారాజా, గద్దె ఖాళీ అయింది, పట్టం కట్టాల్సిన ముహూర్తం దాటిపోతోంది. ఖాళీగా ఉన్న గద్దెను ముహూర్తం దాటనిచ్చినవాడికి మళ్ళీ అడిగే హక్కు లేదు. ఒక్కసారి కూర్చుని వెళ్ళండి. ముందు సింహాసనం..."

"దాన్నెవరూ ఎత్తుకుపోలేదుగా తాతా," అన్నాడు విశాలవర్మ గుర్రం ఎక్కుతూ. "వాణ్ణి ఎత్తుకుపోయారు."

గోడమీద కాలధూముడి మనుషులు గొలుసులు తిప్పుతున్నారు. అగడ్త మీది వంతెన అవతలి ఒడ్డును వదిలి మెల్లగా పైకి లేస్తోంది. భటులు వదిలేస్తే వెనకే వచ్చిన పోలప్ప, ఆ గొలుసులు ఆపడానికి గోచీ బిగించి గోడ మెట్లవైపు దూకాడు. గుర్రం వంతెన ఏటవాలు ఎక్కింది. ఎదురుగా ఆకాశంలో, మంచుకోన అంచున, ఒక నల్లచుక్క. కింద మొసళ్ళు నోళ్ళు తెరిచిన నీళ్ళు. విశాలవర్మ రెండు కళ్ళూ బాగా తెరుచుకుని దూకించాడు.